చల్లగాలి విసరిన హీటరు

మా బరంపురమున చలికాలమనగా ఉదయమున ఒక శాలువ, అంతే. కావున మా వ్యానులో హీటరు కలదన్న మాటయే మఱచియుంటిమి. గత పుష్యమాసమున ఆస్కా, సొరడల మీదుగా దారింగ్‌బాడి పోవ నిశ్చయించుకొన్నప్పుడు అది జ్ఞప్తికి వచ్చెను. ఆ యూరు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. చలికాలపు వేకువలలో పచ్చికపై మంచు పేరుకొనుట కలదు. మా తల్లిగారికి ఉబ్బసము. ఆమెను విడిచి పోవుటకు మనసొప్పలేదు.

తీరా మీట త్రిప్పగా ఎంతసేపటికిని చల్లగాలియే! తీగ ఏదో కాలినదనుకొంటిమి. ఒడియాలో ప్రశ్నించి తెలుగున బదులు చెప్పు మా మేస్త్రి (మన యూర నిది వింత కాదు గదా) నవ్వెను. ఇంజనులో కాగిన నీరే లోపలి చిన్న రేడియేటరులోనికి వచ్చునట. పంకా ఆ వేడిమిని మనపైకి విసరునట. ఇంజను వేడెక్కిన పిదప అతడు హీటరునకు పోవు రెండు గొట్టములను తాకి చూచెను. ఒకటి కాలుచుండెను, రెండవది చల్లగా నుండెను. రెండును వేడిగా నున్నచో గాలిని మళ్ళించు లోపలి రేకుదే దోషమనవచ్చును. ఇచట నీరే పాఱుట లేదు.

ఇంజను చల్లారిన పిదప మూత విప్పగా రేడియేటరు సగము ఖాళీ! ఒక గొట్టపు క్లిప్పు వదులై బొట్టుబొట్టుగా కారుచుండెను. ఆ స్థితిలో ఘాటు ఎక్కియున్నచో ఇంజనే మాడిపోయెడిది. అతడు క్లిప్పు మార్చి, కూలెంటు పోసి, మీట పూర్తిగా వేడివైపునకు త్రిప్పి, బుడగలు ఆగువఱకు ఇంజను నడిపించెను.

సొరడ దాటి కొండ నెక్కుచుండగా వెనుకనుండి మా తల్లిగారు, "నాయనా, కిటికీ కాస్త దించు, ఉక్కగా ఉంది" అనిరి.