అబ్బా కుర్తా గుండీలు

రంజాన్ ఈద్ పొద్దున మా అబ్బా కుర్తా గుండీలు పెట్టుకోలేకపోయారు. వేళ్లు తడబడుతుంటే "చీకటిగా ఉంది, లైటెయ్ బేటా" అన్నారు. లైటు వెలుగుతూనే ఉంది. నేనే గుండీలు పెట్టి ఈద్గాకి తీసుకెళ్లాను. ఆ సంగతి అక్కడే మర్చిపోయాను. ఇప్పటికీ నా దిల్‌లో గుచ్చుకునేది ఆ మరుపే.

తర్వాత తస్బీహ్ చేతిలోంచి జారిపోవడం మొదలైంది. చెప్పు కాలి నుంచి ఊడిపోయినా తెలిసేది కాదు. వుజూ చేసి లేస్తూ గోడ పట్టుకునేవారు. రుకూలో తల వంచితే మెడ నుంచి నడుం దాకా కరెంటు పాకినట్టుందని అమ్మీతో అన్నారట. మేం షుగర్ అనుకున్నాం. ఖాలా నజర్ తగిలిందని మిరపకాయలు దిష్టి తీసింది. ఒక డాక్టరు నరాల బలహీనతని సూదులు రాశారు. మామూ పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్లి మెడ తిప్పించారు. అలాంటి మెడని తిప్పించడం ఎంత ఖతర్‌నాకో తర్వాత తెలిసింది. అసలు నొప్పి లేకపోవడమే మమ్మల్ని మోసం చేసింది. నొప్పుంటే పరిగెత్తేవాళ్లం.

ఇషా నమాజులో సజ్దా నుంచి లేవబోయి పక్కాయన మీద పడ్డాక గానీ న్యూరో డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఆయన అబ్బా నడివేలి గోరుని చిటుక్కున మీటితే బొటనవేలు దానంతటదే ముడుచుకుంది. పది సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో లెక్కపెట్టారు. మామూలు మనిషి 20 సార్లు చేస్తాడట. అబ్బా 11 దగ్గర ఆగిపోయారు. ఎమ్మారైలో మెడ దగ్గర వెన్నుపాము నాలుగు పూసల మేర నలిగిపోయి కనిపించింది. వయసుతో అరిగిన డిస్కులు ముందు నుంచీ, మందమైన లిగమెంట్లు వెనక నుంచీ నొక్కుతున్నాయి.

మెడ మీద కత్తి పెడితే మంచాన పడతారని అమ్మీ ఏడ్చింది. డాక్టరు ఆమెకి తలుపు చూపించి చెప్పారు. పూసల వెనక భాగాన్ని ఒకవైపు కోసి, రెండో వైపు మడతబందులా ఉంచి తలుపులా తెరుస్తారు. అది మళ్లీ మూసుకోకుండా చిన్న ప్లేట్లు పెడతారు. లోపల వెన్నుపాముకి జాగా దొరుకుతుంది.

అబ్బా అడిగింది ఒకటే, "మళ్లీ సజ్దా చేయగలనా?"

"వాదా చేయలేను. ఇప్పుడున్నది పోకుండా ఆపడమే ఈ ఆపరేషన్ అసలు పని. పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేం. ఆలస్యమైన కొద్దీ తక్కువొస్తుంది."

అబ్బా బిస్మిల్లా అని సంతకం పెట్టారు. అక్షరాలు వంకర్లు పోయాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది, అల్హందులిల్లాహ్. నెలల తరబడి ఫిజియోథెరపీ నడిచింది. చాయ్ కప్పు వణక్కుండా పట్టుకుంటున్నారు. వీధి చివర మసీదు దాకా కర్ర సాయంతో వెళ్తున్నారు. సజ్దా మాత్రం తిరిగి రాలేదు, కుర్చీలోనే నమాజు. మొదటిసారి సఫ్ చివర కుర్చీ వేసుకున్న రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఈద్ నాడే తీసుకెళ్లి ఉంటే? ఈ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు. అబ్బా మాత్రం నన్నెప్పుడూ అడగలేదు.

మొన్న ఈద్‌కి మూడు గుండీలు తనే పెట్టుకున్నారు. పైది నాకు వదిలేశారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతుల్లోంచి వస్తువులు జారుతుంటే, నడక తూలుతుంటే ఉమర్ మీదకి నెట్టేయకండి. నొప్పి లేకపోయినా ఒక్కసారి నరాల డాక్టరుకి చూపించండి. మా అబ్బా కోసం దువా చేయండి.