ఇంటిపేరు పక్కన ఎర్రచుక్క

మా నాయిన పేరు ఎల్లయ్య. నన్ను బడిల చేర్పించిననాడు సారు పటేండ్ల పిల్లలను ఇంటిపేర్లు అడిగి రాసిండు. మా మాదిగవాడ పిల్లలను అడగలేదు. నా పేరొక్కటే రిజిస్టర్ల పడ్డది. మాకు ఇంటిపేరు లేక కాదు, అడిగినోడు లేక.

2011లో డిగ్రీల చేరినప్పుడు స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్ల నింపాలన్నరు. నెట్ సెంటర్ల కూసున్న. ఇంటిపేరు గడి పక్కన ఎర్రచుక్క. నింపకుంటే ఫారం ముందుకు కదలదు. నింపితే పదో తరగతి మెమోతోని కలవదు. నింపి నొక్కితే 'పేరు సరిపోలలేదు' అన్నది. తీసేసి నొక్కితే 'చెల్లని సమాచారం' అన్నది. ఏ గడిల ఏది చెల్లలేదో చెప్పలేదు. పైగా అప్పటిదాక కొట్టినవన్నీ తుడిచేసింది. మళ్లీ మొదటినుంచి. గంటకు ఇరవై రూపాయలు. అవి మా అవ్వ పత్తి ఏరిన పైసలు.

ఇంకోటి. నాయిన పేరు కులపత్రంల ఇంగ్లీషు 'వై'తోని మొదలైంది, మెమోల 'ఇ'తోని. రాసినోళ్లిద్దరూ సర్కారు మనుషులే. తప్పు మాత్రం ఎల్లయ్య కొడుకుదైంది. "మన పేరు సుత చెల్లదారా?" అన్నడు నాయిన. ఆ ఏడు స్కాలర్‌షిప్ రాలేదు. ఫీజు కట్టేదాక కాలేజీవాళ్లు నా సర్టిఫికెట్లు పట్టుకున్నరు.

ఇప్పుడు నేను చేసేది అట్లాంటి ఫారాలు తయారుచేసే పనే. ఈ పనికి దాని మాటలు దానికున్నయి. బయటినుంచి వచ్చినదాన్ని లోపలికి తీసుకునే ముందు 'శానిటైజ్' చెయ్యాలంటరు. శుద్ధి అన్నమాట. నచ్చని గుర్తును 'ఇల్లీగల్ క్యారెక్టర్' అంటరు. మొదటిసారి విన్ననాడు నాకు నవ్వు రాలేదు. కాపలా వద్దని నేననను. దొంగ కోడ్ డేటాబేస్‌లోకి దూరకుండ సర్వర్ దగ్గర పరీక్ష ఉండాల్సిందే. బ్రౌజర్ల చేసే పరీక్ష మాత్రం నింపేటోనికి సాయంగ ఉండాలె.

పేరు గడికి 'అక్షరాలు మాత్రమే' అని నియమం పెడ్తరు. యూనికోడ్ లెక్కల మన గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలు కావు, వాటిది వేరే వర్గం. ఆ నియమం మీద 'ఎల్లయ్య' అని తెలుగుల కొడితే ల్ల దగ్గరే ఆగిపోతది. రాసినోనికి తెలుగు రాక కాదు. ఆయన తన పేరు ఇంగ్లీషులనే కొట్టి చూసిండు, పని చేసింది, లేచిపోయిండు.

ఆధార్ నంబరు 12 అంకెలు. కార్డు మీద నాలుగు నాలుగు చొప్పున ఎడం ఇచ్చి అచ్చేస్తరు. చూసినోడు చూసినట్టే ఎడమిచ్చి కొడితే ఫారం వద్దంటది. ఆ ఎడం తీసెయ్యడానికి ఒక్క లైను కోడ్ చాలు. చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిల లెక్కగట్టిన కాపలా అంకె. ఒక అంకె తప్పుపడ్డా, పక్కపక్క అంకెలు తారుమారైనా అక్కడికక్కడే దొరుకుతది. అప్పుడు 'ఇన్‌వాలిడ్' అనుడెందుకు? 'ఒక అంకె తప్పు పడ్డట్టుంది, కార్డు చూసి సరిచెయ్యండి' అని ఆ గడి కిందనే రాస్తే సరిపాయె. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ల అయిదోది సున్నా. మనోళ్లు 'ఓ' కొడ్తరు. అడగకుండనే దిద్దుకోవచ్చు.

మొన్న ఒక ఫారంల ఇంటిపేరు ఎర్రచుక్క తీసేసిన. "డేటా క్లీన్‌గా ఉండాలి కదా, ఇంటిపేరు లేనోడెవడుంటడు?" అన్నడు మా లీడర్. నా పదో తరగతి మెమో తెచ్చి చూపించిన. ఆయన చాలాసేపు దాన్నే చూసి, "ఇది నీదా?" అన్నడు. చుక్క తీసెయ్యనిచ్చిండు. తేడాలున్న పేర్లను ఫారం తిప్పి పంపకుండ, తీసుకుని మనిషి చూసేటట్టు పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ పంచాయితీ ఇంకా నడుస్తనే ఉంది.

కొత్త ఫారం తయారైనప్పుడల్లా పరీక్షకు మొదటి పేరు నేనే కొడ్త. ఎల్లయ్య. తెలుగుల. ఇంటిపేరు గడి ఖాళీ.