జీపుకో గొడుగు

మనిషికి తలదాచుకోవడానికి ఓ నీడ కావాలంటారు. బండికి కూడా కావాలని నాకు ఈ మధ్యనే తెలిసింది. తెలియజెప్పింది మా జీపు. ఆ తెలివికైన ఖర్చు మాత్రం నాది.

మాది నల్లగొండ జిల్లాలో కొండమల్లేపల్లికి దగ్గరి ఊరు. ఇంటి ముందు వేపచెట్టు కింద 1989 నాటి మహీంద్రా ఎంఎం 540 జీపు ఒకటి ఉంటుంది. నాన్న దాన్ని ఏదో వేలంలో కొన్నాడు. నాన్న పోయి తొమ్మిదేండ్లయింది. జీపు మాత్రం పొద్దున్నే రెండుసార్లు దగ్గి, ఒక్క తడవ నల్లటి పొగ వదిలి, ఆ తర్వాత బుద్ధిగా కదులుతుంది. “అమ్మేయరాదా నాన్నా” అని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి నెలకోసారి అడుగుతాడు. “చూద్దాంలేరా” అంటాను. ఈ ‘చూద్దాం’ ఎంత చల్లని మాటంటే, దాని నీడన ఎన్ని పాత సామాన్లయినా హాయిగా బతికేయొచ్చు.

అసలు సంగతి జీపు కాదు, అమ్మ. ఆమెకు 81 ఏండ్లు. మూసిన కారులో కూర్చుంటే ఊరి పొలిమేర దాటకముందే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూపించాం, మాత్ర వేశాం, ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఏదీ పనిచేయలేదు. “గా డబ్బాల నాకు ఊపిరాడది బిడ్డా” అంటుంది. జీపు ఎక్కితే మాత్రం చేలూ చెట్లూ చూసుకుంటూ ఎంత దూరమైనా వస్తుంది. ఆమె పుట్టిల్లు పెద్దవూర వైపు. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగాక, ఆ దారిన దుమ్ము లేపుకుంటూ పోయే ఇంజనీర్ల జీపుల వెంట పరుగెత్తిన పిల్లల్లో తనూ ఒకతినని చెబుతుంది. అప్పుడు అందని జీపు నాన్న కొన్న తర్వాతే అందిందట.

నెలకోసారి నల్లగొండలో డాక్టరు, ఏడాదికి రెండుసార్లు మహబూబ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు. అమ్మకు మిగిలిన ప్రయాణాలు ఈ రెండే. నిరుడు ఎండలకు జీపు టాపు అప్పడంలా పెళుసెక్కి నడుమ చిరిగింది. తాడుతో కట్టి నెట్టుకొచ్చాను. జూన్‌లో దవాఖాన నుంచి వస్తుంటే తొలివాన పట్టుకుంది. అమ్మ తడిసింది. ఆమె ఒళ్లో సంచీలో ఉన్న మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు కూడా ముద్దయ్యాయి. ఒక్క మాట అనలేదు.

తరువాతి నెల దవాఖానకు బయలుదేరదీస్తే “ఇప్పుడు మంచిగనే ఉన్న కదరా, ఎందుకు?” అంది. ఆపై నెలా అదే మాట. చెల్లెలు ఫోన్ చేస్తే “వానలు తగ్గినంక వస్త” అంది. వానలు తగ్గాక “చలి పోయినంక” అంది. మందులు పాత చీటీ మీదనే నడుస్తున్నాయి. అప్పుడు నా మందబుద్ధికి తట్టింది. ఆమెకు నయం కాలేదు. నన్ను ఇబ్బంది పెట్టగూడదని ప్రయాణాలు మానేసింది!

టాపు వేయించి తీరాలనుకున్నాను. ఇనుప టాపు కొట్టించి ఏసీ పెట్టిద్దామన్నాడు మావాడు. అట్లా చేస్తే జీపు కూడా డబ్బాయే కదా! పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చగూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అసలు జీపు పుట్టుకే గుడ్డ టాపుతో జరిగింది. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన జీపులకు కాన్వాసు కప్పే. అవసరమైతే దాన్ని మడిచేసి, ముందు అద్దాన్ని కూడా బానెట్ మీదికి పడుకోబెట్టేవారు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు కూడా మడిచే గుడ్డ టాపు ఇచ్చారు. కుర్రకారుకు టాపు ఎప్పుడు తీద్దామా అని ఉబలాటం. నాకు ఎప్పుడు వేద్దామా అని ఆరాటం.

ఓ రెడీమేడ్ టాపు తెప్పించాను. మే నెల మొదట్లో పార్సిలు వచ్చింది. లోపలి కాగితంలో మొదటి సూచన: ‘వెచ్చని చోట మాత్రమే బిగించవలెను. చలిలో గుడ్డ ముడుచుకొని అందదు.’ బయట చూస్తే 44 డిగ్రీలు. వెచ్చదనం కోసం నల్లగొండ జిల్లావాడు వెతుక్కోవాలా? ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. వాకిట్లో బండ మీద గంటసేపు పరిస్తే గుడ్డ మైనంలా మెత్తబడింది.

ఎడమవైపు గుండీలు టక్కుటక్కున పడ్డాయి. కుడివైపు మూడు వేళ్లు తక్కువ! గుడ్డనే తిట్టుకుంటూ బలమంతా పెట్టి లాగాను. గుండీ పడలేదు సరికదా, దాని చుట్టూ కుట్టు పర్రున చిరిగింది. పక్కింటి మెకానిక్కు కుర్రాడు వచ్చి తాడుతో కొలిచి, “టాపు సక్కగనే ఉంది సార్, మీ జీపే వంకర” అన్నాడు. చూస్తే నిజమే. ఎప్పుడో నాన్న వడ్ల బస్తాలతో వస్తూ చింతకొమ్మకు గుద్దినప్పుడు టాపును మోసే పైపులు ఓ పక్కకు ఒరిగాయి. పాత టాపు ఏండ్ల తరబడి వాటితోపాటే ఒరిగి సర్దుకుపోయింది. కొత్త టాపు కుట్టింది కంపెనీ నుంచి వచ్చిన జీపుకు. నా దగ్గరున్నది 30 ఏండ్లకు పైగా మాతో బతికిన జీపు. తప్పు ఇద్దరిదీ కాదు, బలం చూపించిన నాది.

ఆ చిరిగిన టాపు వెనక సీట్లో పడేసి, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయాను. పిల్లలమర్రి పోయే దారిలో సీట్ల పని చేసే ముసలాయన ఉన్నాడని చెల్లెలు చెప్పింది. అందరూ ఆయన్ని చాచా అంటారు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. టేపు తీయలేదు. “ఇండ్ల ఎవరు కూసుంటరు సార్?” అని అడిగాడు.

నేను తెల్లబోయాను. గుడ్డ రంగేమిటి, బేరమెంత అని అడుగుతాడనుకున్నాను. అమ్మ సంగతి చెప్పాను. “అయితే పక్కలు కుట్టేసుడు వద్దు. పైకి చుట్టి కట్టేటట్టు పెడ్త. గాలికి గాలి, నీడకు నీడ” అన్నాడు. ఇంత పాతబండికి ఖర్చు దండగేమో అని నసిగితే నవ్వాడు. “చెదలు పట్టిన మర్రికి 2018ల సెలైన్లు పెట్టి బతికించుకున్న ఊరు సార్ ఇది. మీ జీపెంత?”

రెండు రోజులు పక్కనే కూర్చుని చూశాను. చాచా పైపులను కొంతవరకే సరిచేశాడు. మరీ వంచితే విరుగుతాయన్నాడు. గుడ్డ ఒరుసుకునే చోటల్లా పాత కంబళి ముక్కలు చుట్టాడు. రెడీమేడ్ టాపును విప్పి, కుడివైపు పట్టీ కలిపి, ముందు ముక్క వెనక ముక్క మీదికి వచ్చేట్టు, ఇంటి మీద పెంకులు కప్పినట్టు కుట్టాడు. ఎదురుగాలికి నీళ్లు లోపలికి దూరవన్నమాట. నూలుదారం తడిస్తే ఉబ్బి సూది బెజ్జాన్ని మూస్తుంది గాని, ఎండకు చీకిపోతుందట. అందుకని పాలిస్టర్ దారంతో కుట్టి, కుట్టు వెంట మైనం రుద్దాడు. గుండీలు మాత్రం కొట్టలేదు. తాళ్లతో కట్టి ఓ పూటంతా ఎండలో నిలబెట్టి, గుడ్డ సాగాక అప్పుడు గుర్తులు పెట్టాడు. “ముందే గుండీ కొడితే సాగినంక సంచిలెక్క వేలాడి నీళ్లు నిలుస్తయి. మరీ బిర్రుగ గుంజితే చలికాలంల చినుగుతది” అన్నాడు. పారదర్శకపు పరదాలను పొడిగుడ్డతో తుడవొద్దనీ, ముందు నీళ్లతో దుమ్ము కడగాలనీ, చుట్టేటప్పుడు నడుమ మెత్తటి బట్ట వేయాలనీ నాలుగుసార్లు చెప్పి, చివరికి ఓ మైనం ముక్క చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక అమ్మ జీపు చుట్టూ తిరిగింది. దుకాణంలో చీర చూసినట్టు గుడ్డను రెండు వేళ్ల నడుమ నలిపి “మంచిగనే ఉంది” అంది. తర్వాత లోపలికి పోయి చీటీల సంచీ తెచ్చుకుని ఎక్కి కూర్చుంది. నేను పిలవలేదు!

నల్లగొండలో డాక్టరు, నెలల తరబడి రానందుకు తిట్టింది ఆమెను కాదు, నన్ను. బీపీ మాత్ర మార్చారు. తిరిగి వస్తుంటే సరిగ్గా మా దారిలోనే వాన అందుకుంది. దిగి పరదాలు దించాను. “నా పక్కది జానెడు తెరిచిపెట్టు” అంది అమ్మ. వాన టాపు మీద తప్పెట వాయించినట్టు పడుతోంది. సంచీ తడిమి చూసుకుంది. పొడిగా ఉంది.

అప్పుడు నా కుడిభుజం మీద ఓ చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి.

“నీ మీదనే కారుతుందేందిరా?”

“ఒక్క చుక్కనే అమ్మా. మైనం రుద్దితే పోతది.”

అమ్మ కొంగుతో నా భుజం తుడిచింది. కొంతదూరం పోయాక, జానెడు సందులోంచి తడిసిన చేలను చూస్తూ అడిగింది:

“మరి పాలమూరెప్పుడు పోదాం?”