అమ్మ కూర్చునే సీటు

షోరూం అబ్బాయి కారుని బీచ్‌రోడ్డు దాకా తెచ్చి, స్టీరింగు నాకిచ్చి తను పక్క సీట్లోకి మారాడు. రుషికొండ వరకూ వెళ్లొచ్చాం. రోడ్డు అద్దంలా ఉంది. సముద్రపు గాలి, పైన సన్‌రూఫ్, ముందు చిన్న టీవీ అంత తెర... యాభై మూడేళ్ల వయసులో కొత్త కారు కొంటున్న సంబరం వేరే చెప్పాలా!

"ఎలా ఉంది సార్?" అన్నాడు ఆ అబ్బాయి.

"పడవలో వెళ్తున్నట్టుందయ్యా" అన్నాను.

మా అబ్బాయికి సన్‌రూఫ్ నచ్చింది. మా ఆవిడకి ఆ తెల్లరంగు నచ్చింది. ఇక అడ్వాన్సు కట్టడమే తరువాయి. వెనక సీట్లో ఉన్న అమ్మని మాత్రం ఎవరమూ అడగలేదు. ఇంటిదగ్గర దిగాక గుర్తొచ్చి అడిగాను. చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, "బాగుంది నాయనా. మీరు తిరగండి" అంది.

మీరు తిరగండి! ఆ మాటలో తను లేదు. రాత్రి నిద్రపట్టలేదు నాకు.

అమ్మకి డెబ్భై నాలుగేళ్లు. తోడబుట్టినవాళ్లలో ఇప్పుడు మిగిలింది ఒక్క పెద్దమ్మే. పెదనాన్న రైల్వేలో పనిచేసి అరకులోనే ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయినా పెద్దమ్మ ఆ ఇల్లు వదలదు. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. మధ్యలో అనంతగిరి ఘాట్. 2022 సంక్రాంతి వెళ్లాక మా పాత చిన్న కార్లో అమ్మని తీసుకెళ్లాను. టైడా దాటకముందే వాంతులు మొదలయ్యాయి. నడుం పట్టేసింది. పెద్దమ్మ గుమ్మంలో దిగేసరికి మనిషి వేలాడిపోయింది. రెండ్రోజులు కబుర్లు చెప్పుకోవాల్సినవాళ్లు, ఒకరు పడుకుంటే ఒకరు విసురుతూ గడిపారు. తిరిగొచ్చాక, "ఇంక నావల్ల కాదురా. అప్పతో ఫోన్లో మాట్లాడుకుంటాలే" అనేసింది.

రైలుందిగా అంటారేమో. కిరండూల్ వెళ్లే రైలు ఉన్నమాట నిజమే. కానీ ఆ పెట్టె మెట్లకి అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు.

అసలు పెద్ద కారు ఆలోచన వచ్చిందే అందుకు. చిన్న కార్లో కూర్చోవాలంటే అమ్మ కిందికి కూలబడాలి. దిగాలంటే ఎవరో చెయ్యి పట్టి లాగాలి. ఈ క్రాసోవర్ ఎస్‌యూవీల్లో సీటు ఇంచుమించు నడుం ఎత్తులో ఉంటుంది. పక్కకి ఒరిగి కూర్చుంటే చాలు. పేరుకి ఎస్‌యూవీలే గానీ ఇవి పాత జీపుల జాతి కాదు. జీపుకి కింద లారీకి ఉన్నట్టు ఛాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ బిగిస్తారు. క్రాసోవర్‌లో మామూలు కారులాగే బాడీ, ఛాసిస్ ఒకే కట్టుగా ఉంటాయి. కారునే కాస్త ఎత్తు పెంచారనుకోండి.

నేను సీటు ఎత్తు చూశాను. ఆ సీట్లో కూర్చున్న మనిషి ఒంటికి ఏమవుతుందో చూడలేదు.

మర్నాడు ఈ సంగతి చెప్తే మా అమ్మాయి నవ్వింది. అది మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది. "నాన్నా, ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నావు. ఎప్పుడైనా నీ కార్లో వెనక కూర్చున్నావా?" అంది.

ఆలోచిస్తే... లేదు!

"ముందు సీటు రెండు ఇరుసుల మధ్యలో ఉంటుంది. వెనక సీటేమో వెనక చక్రాల దగ్గరే ఉంటుంది. కుదుపు సూటిగా వాళ్లకే తగులుతుంది. నీకు పడవ, మామ్మకి ఎడ్లబండి" అని తేల్చేసింది.

మా వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్తే అతను ఇంకా తేలిగ్గా చెప్పాడు. "స్ప్రింగు ఉయ్యాల సార్. షాక్ అబ్జార్బరు ఆ ఉయ్యాలని ఆపే చెయ్యి. ఉయ్యాల మెత్తగా ఊగి, చెయ్యి గట్టిగా పట్టకపోతే బండి గుంత దాటినా ఊగుతూనే ఉంటుంది. చెయ్యి మరీ గట్టిగా పడితే ప్రతి రాయీ నడుముకి తెలుస్తుంది."

నేను ఇన్నాళ్లూ మెత్తదనమే సుఖం అనుకున్నాను. కాదట! మనిషి నడిచేటప్పుడు ఒళ్లు సెకనుకి ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపు మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటే. అందుకే కార్ల స్ప్రింగుల్నీ ఇంచుమించు ఆ లయలోనే ఊగేలా చేస్తారు. కడుపులో తిప్పేది అంతకన్నా నెమ్మదిగా, అయిదు సెకన్లకోసారి వచ్చే ఓడలాంటి ఊపు. ఘాట్‌లో ఎడమకోసారి, కుడికోసారి ఒరిగే మెత్తటి బండి చేసేది ఇంచుమించు ఆ పనే. పడవలా ఉందని మెచ్చుకున్నది నేనే కదా!

ముందు చక్రం గుంతలో పడ్డాక వెనక చక్రం అదే గుంతలో పడటానికి కాస్త వ్యవధి ఉంటుంది. అందువల్ల ముందు భాగం లేచేటప్పుడు వెనక భాగం దిగుతూ, బండి తూగుటుయ్యాల అవుతుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంగ్లిష్ ఇంజినీరు దీనికి ఉపాయం చెప్పాడు. వెనక స్ప్రింగులు ముందువాటి కన్నా కాస్త త్వరగా ఊగేలా పెడితే, వెనక భాగం ముందు భాగాన్ని అందుకుని రెండూ కలిసి సర్దుకుంటాయి. తొంభై ఏళ్ల కిందటే వెనక సీటు వాళ్ల గురించి ఆలోచించినవాళ్లు ఉన్నారన్నమాట. నాకే తట్టలేదు.

హ్యాండ్లింగ్ అంటే కుర్రాళ్ల సరదా అనుకునేవాణ్ని. 1997లో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు, అడ్డం వచ్చిన జంతువుని తప్పించినట్టు స్టీరింగుని అటూ ఇటూ తిప్పి చూస్తే, అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు పల్టీ కొట్టింది. చిన్నదే గానీ ఎత్తయిన కారు అది. ఆ తర్వాత కంపెనీ సస్పెన్షన్ మార్చి, బండిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ని బిగించింది. బండి ఎత్తు పెరిగితే బరువూ పైకి పోతుంది, మలుపులో ఒరగడమూ పెరుగుతుంది. హ్యాండ్లింగ్ బాగుండటం అంటే వేగంగా వెళ్లడం కాదు. వెనకున్న పెద్దావిడ అటూ ఇటూ ఒరిగిపోకుండా ఉండటం, గేదె అడ్డొస్తే బండి మన మాట వినడం.

ఇక మా అమ్మాయే పరీక్ష పెట్టింది. తెల్లకారుకి పోటీగా మరో కంపెనీ ఎర్రకారుని ఎంచింది. రెండింటికీ ఒకటే దారి. ముందు మా కాలనీ స్పీడ్‌బ్రేకర్లు, తర్వాత గుంతల రోడ్డు, చివర అడవివరం నుంచి సింహాచలం కొండ మీదికి ఘాట్‌రోడ్డు. రెండింట్లోనూ మేం అయిదుగురమే. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంతే గాలి టైర్లలో ఉందో లేదో పెట్రోలు బంకులో చూపించింది. షోరూం అబ్బాయి బిక్కమొహం వేస్తే, "అప్పన్న దర్శనం కూడా అవుతుందిలే బాబూ" అని సర్దిచెప్పాను.

స్టీరింగు అమ్మాయి పట్టింది. నేను వెనక, అమ్మ పక్కన.

తెల్లకారు గుంతల్లో హాయిగానే పోయింది. స్పీడ్‌బ్రేకర్ దాటాక మాత్రం రెండు మూడుసార్లు ఊగి గానీ ఆగలేదు. కొండ ఎక్కడం మొదలెట్టాక నాలుగో మలుపుకే నాకు నోట్లో నీళ్లూరాయి. నాకే! అమ్మ కళ్లు మూసుకుని, ముందు సీటుని రెండు చేతుల్తో పట్టుకుంది. బీచ్‌రోడ్డు మీద వెనక సీట్లో ఏం జరిగిందో అప్పుడు తెలిసింది నాకు.

రెండ్రోజుల తర్వాత ఎర్రకారు. గుంతల్లో 'ధడ్' మని చప్పుడు వినిపించింది. మా ఆవిడ మొహం చిట్లించింది. కానీ స్పీడ్‌బ్రేకర్ మీద ఒక్కసారి లేచి ఒక్కసారే దిగింది, అంతే. మలుపుల్లో ఒరగడం తక్కువ. కొండ మీదికి చేరేసరికి అమ్మ కళ్లు తెరిచే ఉంది!

"చప్పుడుకి మందుంది" అంది అమ్మాయి. మేం ఎక్కింది అన్ని హంగులూ ఉన్న మోడలు. దాని టైరు 215/55 ఆర్18. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, 118 మిల్లీమీటర్లు. దానికన్నా తక్కువ మోడల్లో 215/65 ఆర్16. గోడ ఎత్తు దాదాపు 140 మిల్లీమీటర్లు. ఆ తేడా అంతా గాలి దిండే! పెద్ద చక్రం చూపుకి బాగుంటుంది, చిన్న చక్రానికి ఉన్న లావుపాటి టైరు నడుముకి బాగుంటుంది. ఆ మోడలు కూడా తెప్పించి అదే గుంతల మీద తిప్పాం. 'ధడ్' కాస్తా 'దబ్' అయింది. డబ్బూ మిగిలింది. సన్‌రూఫ్ మాత్రం పోయింది. మా అబ్బాయి రెండు రోజులు అలిగాడు.

కొండ దిగేటప్పుడు అమ్మాయికి మరో ఆలోచన వచ్చింది. "మామ్మా, నువ్వు ముందుకొచ్చి కూర్చో."

"నేనెందుకే? అది మీ తాతయ్య సీటు" అంది అమ్మ.

నాన్న పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచీ ఆ సీట్లో మా ఆవిడో, అబ్బాయో కూర్చుంటున్నారు. అమ్మ ఒక్కసారీ కూర్చోలేదు. మేమూ రమ్మనలేదు. పెద్దవాళ్లు వెనక సుఖంగా ఉంటారని మా లెక్క. నిజానికి వెనక కూర్చుంటే కంటికి కనిపించేది ముందు సీటు వీపు. అది కదలదు. చెవిలోపలి భాగమేమో బండి మలుపు తిరుగుతోందని చెప్తుంది. కన్నూ చెవీ చెరో మాటా చెప్తే కడుపులో తిప్పుతుంది. ముందు కూర్చుని దూరంగా రోడ్డుని చూస్తే ఆ తగువు తగ్గుతుంది. బతిమాలితే అమ్మ ముందుకి మారింది. అడవివరం వచ్చాక, "అదేమిటి, అప్పుడే దిగిపోయామా?" అంది.

ఎర్రకారే కొన్నాం.

కిందటి కార్తీకమాసంలో అరకు బయల్దేరాం. అమ్మాయి నడిపింది, అమ్మ ముందు సీట్లో, నేను వెనక. అద్భుతమేం జరగలేదు. డముకు దగ్గర ఒకసారి, గాలికొండ దగ్గర ఒకసారి బండి ఆపమంది. గాలి పీల్చుకుని, నిమ్మకాయ వాసన చూసి మళ్లీ ఎక్కింది. మూడున్నర గంటల దారి నాలుగున్నర అయింది. వాంతి మాత్రం కాలేదు.

పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా సీట్లోంచి కాళ్లు కింద పెట్టి లేచి నిలబడింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని కాసేపు మాట్లాడలేదు.

తర్వాత పెద్దమ్మ కారు వైపు చూసి, "బాగుందిరా. ఎంతయింది?" అని నన్నడిగింది. నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. "ధరెందుకే అప్పా! ముందు సీట్లో కూర్చుని చూడు. రేపు నిన్ను బొర్రా గుహల దాకా తిప్పుతాను."

'తిప్పుతాను' అంది, విన్నారుగా!

మీరూ కారు కొనబోతుంటే చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో అందరికన్నా త్వరగా ఒళ్లు అలిసేది ఎవరికో వాళ్లని తీసుకెళ్లండి. మీరు రోజూ తిరిగే గతుకుల రోడ్డు మీదికే వెళ్లండి. స్టీరింగు వేరేవాళ్లకిచ్చి, ఒక్క అరగంట వెనక సీట్లో కూర్చోండి.