నాలుగిరవైలు

మా అమ్మమ్మ బడి ముఖం ఎరుగదు. దొడ్లో పిడకలు లెక్కపెట్టేటప్పుడు ఇరవై కాగానే ఒక చింతగింజ పక్కన పెట్టేది. చివర గింజలు చూసుకుని "నాలుగిరవైలూ, మీద ఆరు" అనేది. అప్పుడు నాలుగో తరగతి చదువుతున్న నేను "ఎనభై ఆరు అనడం కూడా రాదా అమ్మమ్మా!" అని పదిమందిలో నవ్వాను. ఆవిడ ఏమీ అనలేదు. కాని ఆ తరువాత నా ఎదుట పైకి లెక్కపెట్టడం మానేసింది.

చాలా ఏళ్ళకు ఫ్రెంచి నేర్చుకోవడానికి సాయంకాలపు తరగతిలో చేరాను. అరవై దాకా దారి సాఫీగానే ఉంది. లాటిన్ 'త్రిగింతా' అరిగి 'త్రాంత్' కావడం మనకు వింతేమీ కాదు. డెబ్భైకి 'అరవై-పది' అన్నారు. సరే అనుకున్నాను. ఎనభైకి పంతులుగారు బల్లమీద 'కాత్ర్-వాఁ' అని రాశారు. అంటే నాలుగు ఇరవైలు. ఎనభై ఆరయితే 'కాత్ర్-వాఁ-సీస్', నాలుగిరవైల ఆరు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం చింతగింజలు కనిపించాయి.

లాటిన్ సంతానంలో తక్కినవారిలో చాలామందికి ఈ అలవాటు లేదు. ఇటాలియన్ 'ఒత్తాంతా', స్పానిష్ 'ఒచెంతా' రెండూ లాటిన్ 'ఒక్తొగింతా' బిడ్డలే. రుమేనియన్ 'ఎనిమిది పదులు' అని కొత్తగా కట్టుకుంది. మన ఎనభై కట్టుబడీ అదే కదా. ఫ్రెంచివారి ఇరవైలు అక్కడి పూర్వపు కెల్టిక్ భాషల గుర్తని కొందరు పండితులంటారు, అందరూ ఒప్పుకోరు. ఏమైనా ఒకప్పుడు ఆ లెక్క ఇంకా దూరం సాగేది. 1668 నాటి మొలియేర్ నాటకం 'లవార్'లో నూట ఇరవైకి 'ఆరిరవైలు' అన్న మాట ఉంది. పదమూడో శతాబ్దంలో తొమ్మిదో లూయీ రాజు మూడువందలమంది అంధుల కోసం పారిస్‌లో కట్టించిన ఆశ్రమం పేరు 'కాఁజ్-వాఁ', పదిహేనిరవైలు. నేటికీ అదే పేరుతో అది కంటి ఆసుపత్రి. బెల్జియంలో, స్విట్జర్లాండులో ఫ్రెంచి మాట్లాడేవారు మాత్రం డెబ్భైకి 'సెప్తాంత్', తొంభైకి 'నొనాంత్' అని లాటిన్ దారినే ఉన్నారు.

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని, ఫ్రాన్సు దేశంలో దొరలు కూడా అచ్చం నీలాగే లెక్కపెడతారని చెప్పాను. క్షమించమని అడగడానికి నాకు తోచిన దారి అదొక్కటే.

ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళ మనవలు నవ్వరురా?" అంది.

బెల్జియం సంగతి ఆవిడకు చెప్పలేదు.