గంటకి ముప్ఫై

బేరియాట్రిక్ ఆపరేషన్ గురించి నా పాలసీలో ఉన్నది చిన్న పేరా. బీఎమ్‌ఐ 40, ఆపైన ఉంటే వేరే జబ్బు చూపించక్కర్లేదు. 35 నుంచి 40 లోపైతే నాలుగింటిలో ఒకటి ఉండి తీరాలి: ఊబకాయంతో వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. ఇవి ఏ ఒక్క కంపెనీ పెట్టిన షరతులూ కావు, 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మినహాయింపుల మాటలు ఖరారు చేసినప్పుడు వచ్చినవి.

నా ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 102 కిలోలు. అంటే బీఎమ్‌ఐ 37.5. "ఇంకో ఏడు కిలోలే కదక్కా, బిర్యానీ మీద పడు" అన్నాడు మా తమ్ముడు. ఎగతాళికే అన్నాడు గానీ, గీత అక్కడ గీస్తే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. 27.5 దాటిన ఆసియా వాళ్లకి కూడా ఈ ఆపరేషన్ సూచించవచ్చని సర్జన్ల సంఘాలు 2022లోనే చెప్పాయి. బీమా గీత ఇంకా పాతచోటే ఉంది. మాత్రలు మానకుండా వేసుకుని షుగర్‌ని అదుపులో పెట్టుకున్నాను కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. ఇక మిగిలింది నా గురక. "మధ్యలో ఊపిరి ఆగిపోతోందే, భయమేస్తోంది" అని మా ఆయన ఎన్నాళ్లుగానో మొత్తుకుంటూనే ఉన్నారు.

ఎంతైతే తీవ్రమో నా పాలసీలో రాయలేదు. నిద్ర డాక్టర్లకి మాత్రం లెక్కుంది. ఊపిరి పది సెకన్లకు తగ్గకుండా ఆగిపోవడమో సన్నగిల్లడమో గంటకి ఎన్నిసార్లు జరిగిందో చూస్తారు. ముప్ఫై, ఆపైన ఉంటే తీవ్రం.

పరికరం ఇంటికే తెచ్చి చేసే పరీక్ష చవక. ముక్కుకో గొట్టం, ఛాతీకో పట్టీ, వేలికో క్లిప్పు, అంతే. కానీ మామూలుగా అందులో మెదడుకి తీగలుండవు, మనం నిద్రపోయామో లేదో దానికి తెలీదు. ఏడు గంటలు పెట్టుకుని అయిదు గంటలే నిద్రపోయామనుకోండి, 170 సార్లు ఊపిరి ఆగిందనుకోండి. నిద్ర గంటలతో భాగిస్తే 34, పెట్టుకున్న గంటలతో భాగిస్తే 24. మనిషి అదే, గురక అదే, క్లెయిమ్ మాత్రం పోతుంది. ఎక్కువ డబ్బైనా ల్యాబ్‌లో పడుకోవడానికే ఒప్పుకున్నాను. నెంబరు పెంచుకోవాలని కాదు, ఉన్న నెంబరు తగ్గిపోకూడదని.

ఆ ఖర్చు తిరిగి వస్తుందా అన్నది వేరే లెక్క. ఉత్త పరీక్ష కోసం ఆస్పత్రిలో చేరితే బీమా ఇవ్వదు. అదే జబ్బుకి తర్వాత ఆపరేషన్ క్లెయిమ్ పాసైతే మాత్రం చేరడానికి ముందరి బిల్లులు కలుపుకోవచ్చు. కొన్ని పాలసీల్లో 30 రోజులు, నాదాంట్లో 60. అందుకని ముందు సర్జన్ని కలిసి, ఆయన చేత పరీక్ష రాయించుకుని, ఆపరేషన్ తేదీ ఆ గడువు దాటకుండా చూసుకున్నాను. వెయిటింగ్ పీరియడ్ అంతకుముందే అయిపోయింది. అది నడుస్తుంటే ఈ లెక్కలేవీ పనికొచ్చేవి కావు.

ల్యాబ్‌లో టెక్నీషియన్ పిల్ల తలకీ, కంటి చివర్లకీ, గడ్డానికీ, కాళ్లకీ తీగలు అంటించింది. "ఆంటీ, కాసేపన్నా వెల్లకిలా పడుకోండి" అంది. చాలామందికి ఆ భంగిమలోనే ఊపిరి ఎక్కువ ఆగుతుందట. నాకు గంటకి 38 వచ్చింది. మత్తు డాక్టరు అన్నిటికన్నా ముందు ఆ కాగితమే అడిగాడు.

బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ అడిగింది మాత్రం వేరే: బరువు తగ్గడానికి ఇంతకుముందు ఏం చేశారు, రుజువేది? వేరే పద్ధతులు ఫలించలేదని చూపించాలన్నదీ ఆ పేరాలోని షరతే. డైటీషియన్ చీటీలు, ప్రతి చీటీ మీదా తేదీ, ఆనాటి బరువు, జిమ్ రసీదులు కవర్లో ఉన్నాయి. స్కాన్ చేసి పంపితే క్యాష్‌లెస్ మంజూరైంది.

జేబులోంచి పోయేవి లేకపోలేదు. ఆపరేషన్ తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన విటమిన్లు నావే. ఊపిరి ఆగకుండా రాత్రిపూట పెట్టుకునే సీపాప్ మెషీన్‌కి చాలా పాలసీలు డబ్బివ్వవు, నాదీ ఇవ్వలేదు. కొనేయమని షాపతను తొందరపెట్టాడు, నేను నెలవారీ అద్దెకి తీసుకున్నాను. బరువు తగ్గాక ఆప్నియా చాలామందికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. మళ్లీ పరీక్ష చేయించాకే కొనాలో అద్దె ఆపాలో తేలుతుంది. ఆ రెండో పరీక్ష నాటికి ఆపరేషన్ తర్వాతి బిల్లులకిచ్చే గడువు దాటిపోతుంది కాబట్టి, దాని డబ్బు ఇప్పుడే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తున్నాను.