యంత్రాలలో ప్రధానమైనది

ఆరోగ్యమే మహాభాగ్యమన్నది పెద్దల మాట. ఆ భాగ్యాన్ని నిలుపుకొనేందుకు మానవుడు ప్రాచీన కాలం నుండి ఔషధాలతోపాటు పనిముట్లను కూడా ఆశ్రయించాడు. భారతీయ శస్త్రవైద్యానికి మూలగ్రంథమైన ‘సుశ్రుతసంహిత’ 101 యంత్రాలను, 20 శస్త్రాలను పేర్కొంది. వాటిలో పట్టుకార్లున్నాయి, గొట్టాలున్నాయి, శలాకలున్నాయి. కొన్నిటి కొనలు సింహం, కాకి వంటి మృగపక్షుల ముఖాలను పోలి ఉంటాయి. ఇన్ని సాధనాలను వర్ణించిన సుశ్రుతుడు వాటన్నిటిలో ప్రధానమైనది చెయ్యి అని నిర్ణయించాడు. యంత్రాల పని యావత్తూ చేతికి అధీనమై ఉండడమే అందుకు కారణమని వివరించాడు. శతాబ్దాలు గడిచి యంత్రాల రూపురేఖలు ఎంత మారినా ఈ నిర్ణయానికి వన్నె తరగలేదు.

వ్యాధి శరీరం లోపల పుడుతుంది. వైద్యుని చూపు చర్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ అడ్డును దాటించడమే వైద్య సాంకేతికత మానవజాతికి చేసిన గొప్ప మేలు. 1816లో పారిస్ నగరంలో లేనెక్ అనే వైద్యుడు హృద్రోగ లక్షణాలతో వచ్చిన ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. రోగి రొమ్ముపై చెవి ఆనించి గుండె చప్పుడు వినడం ఆనాటి పద్ధతి. అది మర్యాద కాదని తలచిన లేనెక్ కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొనను ఆమె గుండెపైన, రెండవ కొనను తన చెవి వద్ద ఉంచాడు. చప్పుడు మునుపటికంటె స్పష్టంగా వినిపించింది. నేడు ప్రతి వైద్యుని మెడలోనూ కనిపించే స్టెతస్కోపుకు అదే నాంది. రోగి గౌరవాన్ని కాపాడాలన్న తలంపు నుండి ఒక మహోపకరణం జన్మించింది.

చెవికి అందిన రహస్యం కంటికి అందడానికి మరో 79 సంవత్సరాలు పట్టింది. 1895లో జర్మనీ దేశస్థుడైన రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. ఆయన తీసిన చిత్రంలో ఆయన భార్య చేతి ఎముకలు, వేలి ఉంగరంతో సహా కనిపించి లోకాన్ని ఆశ్చర్యపరచాయి. రాంట్‌జెన్ తన ఆవిష్కరణపై పేటెంటు హక్కు కోరలేదు. ఎవరి అనుమతీ అవసరం లేకపోవడంతో ఆ విద్య అనతికాలంలోనే దేశదేశాల వైద్యశాలలకు చేరింది. 1971లో లండన్‌లో ఒక రోగి మెదడుకు సి.టి. స్కాన్ తీయడంతో, కపాలాన్ని తెరవకుండానే లోపలి వ్యాధిని పొరలుపొరలుగా చూడడం సాధ్యమైంది.

అయితే సాధనం ఎంత గొప్పదైనా అవసరమైనవారికి అందకపోతే దాని ప్రయోజనం శూన్యం. హైదరాబాదులోని క్షిపణి పరిశోధనశాలలో అబ్దుల్ కలాం పనిచేస్తున్న కాలంలో, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఒక ఎముకల వైద్యుడు అక్కడికి వచ్చాడు. అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో కాళ్లీడుస్తూ నడుస్తున్నారు. కొద్ది వారాలలోనే 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమైనాయి. ఆయుధం కోసం పుట్టిన విజ్ఞానం పసివాళ్ల కాళ్లకు ఊతమైంది.

సాంకేతికత అంటే ఖరీదైన యంత్రమే కానక్కరలేదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుండి తరలివచ్చిన శరణార్థుల శిబిరాలలో కలరా ప్రబలింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని రోగులచేత తాగించాడు. ప్రేగులలో గ్లూకోజు ఉప్పును లోనికి చేరవేస్తుంది. ఉప్పు వెంట నీరు శరీరానికి చేరుతుంది. ఈ సూత్రం అంతకుముందే ప్రయోగశాలలో తేలినా, అంతటి విపత్తులో దాని శక్తి రుజువైంది. అంతకుముందు నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు, ఈ చికిత్స పొందినవారిలో నాలుగు కంటె తక్కువకు దిగివచ్చాయి. ఆ ద్రావణాన్ని రోగులకు పట్టించిన చేతులలో అనేకం వారి బంధువులవే.

ఇదే చెయ్యి దారి తప్పితే యంత్రం వరం కాక శాపమవుతుంది. మన చెవికి వినిపించని ధ్వని తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనుల నుండి చిత్రాన్ని రూపొందించే స్కానింగ్ యంత్రం గర్భస్థ శిశువు క్షేమాన్ని తెలుపుతుంది. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకొని పుట్టకముందే తుదముట్టించిన వారూ ఆ యంత్రాన్నే వాడుకున్నారు. ఈ దురాచారాన్ని అరికట్టడానికి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం చేయవలసి వచ్చింది. అవసరం లేని పరీక్షలు చేయించి పేదవానిని అప్పులపాలు చేయడం కూడా యంత్రం చేసే తప్పు కాదు; దాన్ని నడిపించే మనిషి తప్పు.

వైద్య సాంకేతికత రోజురోజుకూ కొత్తపుంతలు తొక్కుతోంది. రేపటి వైద్యులు, ఇంజనీర్లు, దాదులు నేటి విద్యార్థులలోనే ఉన్నారు. వారి చేతికి రానున్న యంత్రాలు సుశ్రుతుని ఊహకు కూడా అందనివి. ఆ యంత్రాలను ఎవరి కోసం, ఎంత ధరకు, ఏ బుద్ధితో వాడాలో నిర్ణయించవలసినది మాత్రం ఆయన ప్రధానమని చెప్పిన ఆ చెయ్యే.